పత్తి ధర నుండి నేల ధర వరకు: బొంబాయి నగర చరిత్ర

1861వ సంవత్సరంలో అమెరికాలో ఉత్తర, దక్షిణ రాష్ట్రాల మధ్య అంతర్యుద్ధం ఆరంభమైంది. దక్షిణాది రేవులను ఉత్తరాది నౌకాదళం దిగ్బంధించగా, ఇంగ్లండులోని లాంకషైర్ మిల్లులకు పత్తి కరవైంది. ఆ లోటును పూరించే అవకాశం బొంబాయి రేవుకు దక్కింది. నాలుగేళ్లపాటు గుజరాత్, ఖాందేశ్, బీరార్ ప్రాంతాల పత్తి బంగారంతో సమానమైంది. పరుపులలోని పాత దూదిని సైతం విప్పి ఎగుమతి చేశారని ఆనాటి ముచ్చటగా చెప్పుకొంటారు.

వచ్చిపడిన ధనం వాటాల వ్యాపారంలోకి, సముద్రాన్ని పూడ్చి నేలను సృష్టించే కంపెనీలలోకి ప్రవహించింది. ప్రేంచంద్ రాయ్‌చంద్ వంటి వర్తకుల మాటపై బ్యాంకులు లేచాయి. 1862లో గవర్నరుగా వచ్చిన బార్టిల్ ఫ్రియర్ కాలంలో పాత కోట గోడలను కూల్చివేసి నగరాన్ని విస్తరించారు. 1864 జనగణన నాటికి నగర జనాభా 8,16,562. 1865లో యుద్ధం ముగిసింది. పత్తి ధర కూలింది, దానితోపాటు కంపెనీలూ కూలాయి. 1872లో జనాభా 6,44,405 మాత్రమే. లెక్కింపులోని తేడాలు ఈ తగ్గుదలకు కొంత కారణం కావచ్చు గాని, పనికోసం వచ్చినవారిలో పలువురు వెనుదిరిగారన్నది నిజం. ప్రేంచంద్ విరాళంతో, ఆయన తల్లి పేరిట నిర్మితమైన రాజాబాయి గోపురం మాత్రం 1878లో పూర్తయి, ఆ వైభవానికి గుర్తుగా నేటికీ నిలిచి ఉన్నది.

అయితే నగరానికి స్థిరమైన రూపాన్నిచ్చినవి నూలు మిల్లులు. 1854లో కావస్‌జీ నానాభాయ్ దావర్ నెలకొల్పిన సంస్థ 1856లో ఉత్పత్తి ప్రారంభించింది. 1869లో సూయజ్ కాలువ తెరుచుకోవడంతో ఐరోపా దగ్గరైంది. బొంబాయి నూలుకు చైనా పెద్ద విపణి అయింది. పరేల్, లాల్‌బాగ్, వర్లీ ప్రాంతాలు 'గిరణ్‌గావ్', అనగా మిల్లుల ఊరు, అనిపించుకొన్నాయి. కొంకణ తీరం నుండి, దక్కను నుండి శ్రామికులు తరలివచ్చారు. 1911 జనగణన నాటికి నగరవాసులలో ఐదింట నాలుగు వంతుల మంది నగరం వెలుపల పుట్టినవారే. ఒక్కొక్క గదిలో ఒక కుటుంబమో, పలువురు ఒంటరి మగవారో ఉండే 'చాల్' అనే బారు ఇళ్లు వారికి నివాసమయ్యాయి.

ఈ వలసలో తెలుగువారి పాలు తక్కువేమీ కాదు. కట్టడపు పనులకై తెలంగాణ నుండి వచ్చిన కూలీలను బొంబాయిలో 'కామాఠీలు' అనేవారు. వారు స్థిరపడిన పేటే కామాఠీపురా. ఆ పేటకు తరువాత అంటిన అపకీర్తి ఈ తొలి చరిత్రను మరుగుపరచింది. మిల్లులు వెలసిన పిదప తెలంగాణ పద్మశాలీ కుటుంబాలు కూడా వచ్చి చేరాయి. సొంత ఊరిలో చేతిమగ్గాన్ని దెబ్బతీసిన యంత్రం వద్దనే వారు బతుకుదెరువు వెదుక్కోవలసి వచ్చింది.

1982 జనవరిలో దత్తా సామంత్ నాయకత్వాన ఇంచుమించు రెండున్నర లక్షల మంది మిల్లు కార్మికులు సమ్మె కట్టారు. ఆ సమ్మె విజయం పొందలేదు. అనేక మిల్లులు తిరిగి పూర్తిగా తెరుచుకోలేదు. నేత పని చాలావరకు భివండీ వంటి పట్టణాల మరమగ్గాలకు మళ్లింది. అక్కడా మగ్గాల వద్ద నిలబడినవారిలో తెలుగువారు గణనీయంగా ఉన్నారు.

1991 తరువాత ఆర్థిక ద్వారాలు తెరుచుకొన్నాయి. 1995లో బొంబాయి పేరు ముంబయిగా మారింది. విదేశీ సంస్థల కార్యాలయాలు, అంగళ్ల సముదాయాలు నగరంలో చోటు కోరాయి. 1860లలో ప్రపంచ విపణికి ఈ నగరపు రేవు కావలసివచ్చింది, ఆ తరువాత శ్రామికుల చేతులు కావలసివచ్చాయి. ఈసారి కావలసింది వారి కాళ్లకింది నేల. యాభై ఎనిమిది మిల్లుల కింద సుమారు 600 ఎకరాల భూమి నగరం నడిబొడ్డున ఉన్నది. 1991 నాటి నిబంధన ఈ భూమిని పునర్నిర్మించేటప్పుడు మూడింట ఒక వంతు బహిరంగ స్థలాలకు, ఒక వంతు ప్రజా గృహవసతికి, మిగిలినది యజమానికి చెందాలని చెప్పింది. 2001లో చేసిన సవరణ ఈ పంపకాన్ని ఖాళీ స్థలానికి మాత్రమే పరిమితం చేసింది. మిల్లు ఆవరణలో అధికభాగం కట్టడాలే కనుక, ప్రజల వాటా మిక్కిలి కుంచించుకుపోయింది. ఈ ఒక్క సవరణ ఎన్నో ఉద్యానవనాలను, ఎన్నో ఇళ్లను కాగితం మీదనే తుడిచివేసింది. ఉన్నత న్యాయస్థానం దీనిని తప్పుపట్టినప్పటికీ, 2006 మార్చిలో సుప్రీంకోర్టు సవరణను సమర్థించింది.

ఫీనిక్స్ మిల్లు ఆవరణ నేడు విలాస వస్తువుల విక్రయశాల. దాని పొగగొట్టాన్ని అలంకారంగా నిలిపి ఉంచారు. మిల్లు కార్మికులకు, వారి వారసులకు 2012లో లాటరీ పద్ధతిన 6,925 ఇళ్లు కేటాయించారు. దరఖాస్తు చేసుకొన్నవారు లక్షకు పైబడి ఉన్నారు.