విస్కీ రుచి పరిశీలన

వేర్వేరు ధాన్యాలు, పీపాలు, స్వేదన పద్ధతులతో తయారైన విస్కీలను వాసన, రుచి, మింగిన తరువాత నోట నిలిచే రుచి ఆధారంగా పోల్చే ప్రక్రియ విస్కీ రుచి పరిశీలన. శైలుల మధ్య తేడాలకు చట్ట నిబంధనలు ఒక ముఖ్య కారణం. స్కాచ్‌ను స్కాట్లండ్‌లోనే, 700 లీటర్లకు మించని ఓక్ పీపాల్లో కనీసం 3 ఏళ్లు నిల్వ ఉంచాలి. అమెరికా బర్బన్‌లో కనీసం 51 శాతం మొక్కజొన్న ఉండాలి. పీపా కొత్తదై, లోపలివైపు కాల్చినదై ఉండాలి. బర్బన్‌లోని వనిల్లా వాసన ప్రధానంగా ఆ పీపా నుంచి వచ్చేదే. ఐర్లండ్‌లో మూడుసార్లు స్వేదనం చేయడం పరిపాటి కనుక అక్కడి విస్కీ తేలికగా ఉంటుంది. స్కాట్లండ్‌లోని ఐలా దీవి విస్కీల పొగవాసనకు, మొలకెత్తిన బార్లీని పీట్ (చిత్తడి నేలల్లో కుళ్లిన మొక్కల మట్టి) పొగలో ఆరబెట్టినప్పుడు దానికి అంటుకునే ఫినాల్‌లు కారణం.

పరిశీలనకు మూతి సన్నని తులిప్ ఆకారపు గ్లాసు అనువైనది. ఘాటైన పీట్ విస్కీ వంతు చివర వస్తుంది. స్కాచ్‌లో కారమెల్ రంగుకు అనుమతి ఉన్నందున రంగును బట్టి వయసు నిర్ధారించడం సరికాదు. విస్కీలను మేళవించే బ్లెండర్లు విస్కీని సుమారు 20 శాతం ఆల్కహాల్‌కు పలచబరచి వాసన చూస్తారు. ఆల్కహాల్ శాతం తగ్గినప్పుడు పొగవాసననిచ్చే గ్వాయకాల్ అణువులు ద్రవం పైతలానికి చేరతాయని స్వీడన్‌లోని లినేయస్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2017లో కంప్యూటర్ నమూనాలతో చూపారు.