ముగ్గురుంటే చాలు: బుర్రకథ దళాల చరిత్ర, మన కథల సంగతి

ఇది కొంచెం పొడుగు పోస్టే, ఓపిగ్గా చివరిదాకా చదవండి.

తెనాలి, బాపట్ల, రేపల్లె వైపు హాస్టళ్లలో ఉండి చదువుకుంటున్న యానాది, ఎరుకల, సుగాలి పిల్లలం మేము. కాలేజీలో ఫంక్షన్ వచ్చిందంటే చాలు, "ట్రైబల్ స్టూడెంట్స్ చేత ఒక థింసా వేయించండి" అంటారు. థింసా అరకు వైపు మన అన్నదమ్ములది. మాది కాదు. అయినా యూట్యూబ్‌లో చూసి నేర్చుకుని వేస్తాం. "మరి మీ దగ్గర ఏముంది?" అని ఎవరైనా అడిగితే మాత్రం తడుముకుంటాం. ఆ ప్రశ్న పట్టుకునే మన ప్రాంతంలో ఆటపాటల చరిత్ర చదవడం మొదలుపెట్టాం. అందులో మమ్మల్ని బాగా పట్టుకుంది బుర్రకథ దళాల చరిత్ర.

యూరప్‌లో చాంబర్ మ్యూజిక్ అని ఒక పద్ధతి ఉంది. పెద్ద ఆర్కెస్ట్రా ఉండదు. ముగ్గురో నలుగురో కూర్చుని వాయిస్తారు. ముందు నిలబడి చేతులు ఊపి నడిపించేవాడు ఉండడు, ఒకరి ఊపిరి ఒకరు వింటూ నడవాలి. మన దగ్గర దానికి దగ్గరగా ఉన్నది బుర్రకథే అని మాకు అనిపించింది. కాకపోతే వాళ్లది గదిలో, మనది రచ్చబండ దగ్గర.

బుర్రకథకు ముగ్గురు కావాలి. నడిమధ్య కథకుడు, భుజాన తంబుర, వేళ్లకు అందెలు, కాళ్లకు గజ్జెలు. అటూ ఇటూ ఇద్దరు వంతలు, వాళ్ల చేతుల్లో డక్కీలు. ఒక వంత రాజకీయం మాట్లాడతాడు, అంటే కథ ఆపి ఇవాళ్టి ఊరి సంగతి ఎత్తుతాడు. ఇంకొకడు హాస్యం. కథకుడు కథ నడుపుతుంటే వీళ్లిద్దరూ తందాన అందుకుంటారు, ప్రశ్నలడుగుతారు, ఎగతాళి చేస్తారు. జనం మనసులో ఉన్న మాట వంత నోట్లోంచి వస్తుంది. అందుకే ఎంత పెద్ద కథైనా వినేవాడికి బరువు అనిపించదు.

ఇది ఎవరో పెద్దలు సభలో కనిపెట్టింది కాదు. జంగాలు ఊరూరా తిరిగి చెప్పుకున్న జంగం కథే దీనికి మూలం. తంబుర కథ, తందాన కథ అని కూడా అనేవారు. కథ అయ్యాక జనం గింజలో పాత బట్టలో ఇచ్చేవారు. అంటే ఈ కళ పుట్టింది సొంత పొలం లేని, తిరుగుతూ బతికే వాళ్ల దగ్గర. ఈ మాట గుర్తుపెట్టుకోండి, మళ్లీ దీని దగ్గరికే వస్తాం.

తెనాలి, బాపట్ల అంటే నాటకాల గడ్డ. సత్యభామ వేషానికి పేరుపడ్డ స్థానం నరసింహారావు 1902లో బాపట్లలో పుట్టి, తెనాలి రంగస్థలం మీద వెలిగాడు. 1956లో పద్మశ్రీ కూడా వచ్చింది. కానీ ఆ నాటకానికి హాలు కావాలి, తెరలు కావాలి, నగలు కావాలి, టికెట్ కావాలి. కూలికి పోయేవాడు దాకా ఆ నాటకం రావడం కష్టం.

1943లో ఆ దూరం కొంత తగ్గింది. ఆ ఏడాది బొంబాయిలో ఇప్టా పుట్టింది. తెలుగు నాట డాక్టర్ గరికపాటి రాజారావు లాంటి వాళ్లు ప్రజానాట్యమండలి పెట్టారు. ఒక పక్క యుద్ధం, ఇంకో పక్క బెంగాల్‌లో కరువు. చదువు రాని రైతుకూలీలకు ఈ సంగతులు ఎట్లా చెప్పాలి? పేపరు చదవలేరు, ఉపన్యాసం ఎక్కువసేపు వినలేరు. నాటకానికి ఖర్చు. బుర్రకథకైతే ఒక తంబుర, రెండు డక్కీలు, ముగ్గురు మనుషులు. నడిచి కూడా పోవచ్చు. అందుకే జంగాల కళను తీసుకుని, రాజుల కథల స్థానంలో కష్టజీవుల కథలు పెట్టారు. సుంకర సత్యనారాయణ లాంటి వాళ్లు కథలు రాశారు. మోటూరి ఉదయం లాంటి ఆడవాళ్లు కూడా దళం కట్టి వేదిక ఎక్కారు. ఆ రోజుల్లో అది చిన్న సంగతి కాదు. పాట ఎంత గట్టిగా తగిలిందంటే, 1940ల చివరికి వచ్చేసరికి ఈ ప్రదర్శనల మీద నిషేధాలు, కళాకారుల మీద కేసులు మొదలయ్యాయి.

ఈ దళాల్లోంచి వచ్చినవాడే షేక్ నాజర్. 1920లో గుంటూరు జిల్లా పొన్నెకల్లులో పేద దూదేకుల ఇంట్లో పుట్టాడు. శాస్త్రీయ సంగీతం నేర్చుకుని, దాన్ని తెచ్చి బుర్రకథలో కలిపాడు. పల్నాటి యుద్ధం, బొబ్బిలి యుద్ధం, అల్లూరి సీతారామరాజు, బెంగాల్ కరువు, ఇవన్నీ ఆయన చెప్పిన కథలు. 1986లో పద్మశ్రీ ఇచ్చారు, 1997లో చనిపోయాడు. మాకు అన్నిటికంటే నచ్చింది ఆయన ఆత్మకథ పేరు: 'పింజారి'. జనం తిట్టుగా వాడే తన కులం పేరునే పుస్తకం అట్టమీద వేసుకున్నాడు. యానాది, ఎరుకల అనే మాటల్ని తిట్టుగా విన్నవాళ్లకు ఆ పేరు వెనక ఎంత ధైర్యం ఉందో వేరే చెప్పక్కర్లేదు.

ఇక మన సంగతి. రామరాజు కథ వింటే మాకు రోమాలు నిక్కబొడుచుకుంటాయి. 1922 ఆగస్టులో చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి స్టేషన్ల మీద దాడి మన ఆదివాసులు ఆయనతో కలిసి చేసిందే. పోడు మీద ఆంక్షలు, రోడ్ల పనిలో వెట్టి, ఇవి భరించలేక లేచిన ఫితూరి అది. అందులో గాం గంటం దొర 1924లో ప్రాణమిచ్చాడు. తమ్ముడు గాం మల్లు దొర జైలు అనుభవించి, 1952లో విశాఖపట్నం నుంచి లోక్‌సభకు గెలిచాడు. ఈ రెండో సంగతి మీలో ఎంతమందికి తెలుసు? మన నోళ్లలో ఉన్న కథలో రామరాజు నడిమధ్య ఉంటాడు, గంటం దొర, మల్లు దొర పక్కన వంతలుగా ఉంటారు. రామరాజును తగ్గించమని కాదు. మనవాళ్లను నడిమధ్య నిలబెట్టి చెప్పే కథ కూడా ఒకటి ఉండాలి అంటున్నాం.

ఇక్కడే బాపట్ల పక్కన స్టువర్టుపురం ఉంది. నేరస్థ తెగల చట్టం 1871లో మొదలై, 1911 చట్టంతో మద్రాసు ప్రెసిడెన్సీకీ వచ్చింది. ఆ తర్వాత సాల్వేషన్ ఆర్మీ చేతుల మీదుగా ఎరుకల వాళ్లను తెచ్చి అక్కడ సెటిల్మెంట్‌లో పెట్టారు. పుట్టుకతోనే నేరస్థులని ముద్ర, హాజరు, బయటికి పోవాలంటే అనుమతి. దేశం మొత్తం మీద ఆ చట్టం 1952లో పోయింది. ముద్ర పోలేదు. 'స్టువర్టుపురం పోలీస్ స్టేషన్', 'టైగర్ నాగేశ్వరరావు' అని సినిమాలు వచ్చాయి. సినిమా వాళ్లు వాళ్లకు తోచినట్టు చెప్పారు. మనం ఇంకా మన నోటితో చెప్పలేదు.

మాలోనే కొందరు అన్నలు అడిగారు: "మళ్లీ తంబుర పట్టుకుని తిరగడమేనా? దాంట్లోంచి బయటపడదామనే కదా చదువుకి వచ్చింది?" న్యాయమైన ప్రశ్నే. కానీ జంగం గింజల కోసం చెప్పాడు, ప్రజానాట్యమండలి మనిషి జనం కోసం చెప్పాడు. తంబుర ఒకటే, నిలబడిన తీరు వేరు. చదువుకున్నవాళ్లం మనం చెబితే అడుక్కోవడం అవదు, లెక్క అడగడం అవుతుంది.

అందుకని మా ఆలోచన ఇది. ఆగస్టు 9 ఆదివాసీ దినోత్సవానికి ఒక దళం కడదాం, ముగ్గురే. సెలవులకు ఇంటికి పోయినప్పుడు పెద్దవాళ్లను కూర్చోబెట్టి అడుగుదాం. ఎరుకల అవ్వ సోది చెప్పే రాగం, సుగాలి తండాలో తీజ్ పాట, కాలవగట్టున చేపలు పట్టే యానాది తాత చెప్పే ముచ్చట, అన్నీ వాళ్ల అనుమతితోనే ఫోన్‌లో రికార్డు చేద్దాం. కథ చెప్పేముందు వాళ్ల పేరు చెబుదాం. తంబుర, డక్కీ నేర్పడానికి మన వైపు జంగం కుటుంబాల పెద్దవాళ్లను పిలుద్దాం. మనం టికెట్ పెట్టం, కానీ గురువుకు మాత్రం చందా వేసుకుని డబ్బులు ఇద్దాం. వాళ్ల కళను ఉత్తినే తీసుకుంటే మనకీ మిగతావాళ్లకీ తేడా ఉండదు.

కథకుడు ఒకరు, వంతలు ఇద్దరు. అక్కలు, చెల్లెళ్లు ముందుకొస్తే ఇంకా మంచిది. వచ్చే ఫంక్షన్‌లో "మీ దగ్గర ఏముంది?" అని అడిగితే, ఒక గంట కూర్చోండి, చెబుతాం అనాలి.

ఎవరెవరు వస్తారో కింద పేరు రాయండి.

జై ఆదివాసీ. జై భీమ్.