దిగుమతిలో దాగిన ఓడ

ఎల్బీనగర్ మెట్రో స్టేషన్‌లో రైలు తలుపు తెరుచుకున్నప్పుడు పెట్టె నేలా ప్లాట్‌ఫారమూ దాదాపు ఒకే మట్టంలో ఉంటాయి. పాదం ముందుకు పడుతుందే తప్ప కిందికి పోదు. అయినా ‘రైలు దిగాం’ అనే అంటాం. దిల్‌సుఖ్‌నగర్‌లో సిటీ బస్సు దిగుతాం. అమెరికా నుంచి వచ్చినవాణ్ని ‘ఎప్పుడు దిగావు?’ అని అడుగుతాం. ఓడనైనా దిగడమే. ఇంగ్లీషువాళ్ల ‘డిసెంబార్క్’లో ఓడ పేరే ఉంది, లాటిన్‌లో చిన్న ఓడను ‘బార్కా’ అనేవారు, ఆ మాట ఫ్రెంచి మీదుగా వాళ్లకు చేరింది. మనకు ఓడ కోసం వేరే క్రియ లేదు. అంతమాత్రాన తెలుగువాడికి సముద్రం తెలియదనుకుంటే పొరపాటు. ‘దిగు’ నుంచి పుట్టిన ‘దిగుమతి’ని చూస్తే ఆ సంగతి తెలుస్తుంది.

దిగుమతి అనగానే ఇవాళ విదేశీ సరుకు, కస్టమ్స్ సుంకం గుర్తుకొస్తాయి. కానీ మాటలో దేశమూ లేదు, సరిహద్దూ లేదు. కిందికి దించడం ఒక్కటే ఉంది. దాని జంట ‘ఎగుమతి’లోని ‘ఎగు’ అంటే పైకి లేవడం. ఎగువ, దిగువ, ఎగుడుదిగుడు అన్నీ ఆ జంట నుంచే. తమిళులూ ఇదే పద్ధతిలో ఏట్రుమది, ఇఱక్కుమది అంటారు: ఎక్కించడం, దించడం. పారసీ నుంచి వచ్చిన ఆమదు, రఫ్తులకు మాత్రం రావడం, పోవడం అని అర్థం. అంటే పారసీ మాట సరుకు ప్రయాణాన్ని చూసింది, మన మాట సరుకును మోసే చేతుల్ని చూసింది. తెలుగు తీరంలో చాలాచోట్ల పెద్ద ఓడలు ఒడ్డు దాకా వచ్చేవి కావు, దూరంగా లంగరు వేసేవి. కొబ్బరి పీచు తాళ్లతో పలకలు కుట్టిన మసూలా పడవలు అలలు దాటి వాటి దగ్గరికి పోయేవి. ఓడ పక్కన ఊగే పడవలోకి మూటనైనా మనిషినైనా దించాల్సిందే. ఆ తీరంలోనే మోటుపల్లి రేవులో కాకతి గణపతిదేవుడు 1244-45లో వేయించిన అభయ శాసనం, తుపానుకు దెబ్బతిన్న ఓడల సరుకును పూర్వపు రాజుల్లా లాక్కోనని, ముప్పైలో ఒక వంతు సుంకమే తీసుకుంటానని సముద్ర వర్తకులకు మాట ఇచ్చింది.

అయితే ‘దిగుమతి’ అనే మాట ఎడ్లబండి నుంచే ఎందుకు పుట్టి ఉండకూడదని అడగవచ్చు. పుట్టి ఉండవచ్చు. ఓడలోనే పుట్టిందని నేను పట్టుబట్టను, శాసనం కూడా ఆ పని చేయదు. బండికీ ఓడకూ ఒకే క్రియ సరిపోయింది గనకే వేరే మాట అవసరం పడలేదన్నదే నా వాదన. ఇందుకు సాక్ష్యం ఇప్పటికీ చెవిన పడుతూనే ఉంది. మిల్లర్లు ధాన్యం దిగుమతి చేసుకోవడం లేదని కోతల కాలంలో నల్లగొండ వార్తల్లో చదువుతాం. అక్కడ లారీ వచ్చింది పక్క ఊరి కొనుగోలు కేంద్రం నుంచి, ఆగింది మిల్లు గేటు ముందు. హమాలీకి దిగుమతి అంటే బస్తా వీపు మీదికి తీసుకుని కింద పెట్టడమే. పాత అర్థాన్ని ఈనాటికీ కాపాడుతున్నది అతనే. నిఘంటువులు దిగుమతికి ఆ అర్థాన్నే మొదట రాయాలి, విదేశీ సరుకు రెండోది.