మేల్పాడి పేర్లు: శాసన సూచికల నుంచి వికీ వర్గాల దాకా

చిత్తూరు సీమలో నీవా అన్న పేరుతో పారి తమిళనాట పొన్నై అనిపించుకునే నది ఒడ్డున, నేటి వేలూరు జిల్లాలో ఉన్న మేల్పాడి, దక్షిణ భారత చరిత్రలో ప్రముఖంగా కనబడే ఊరే అయినా అన్ని చోట్లా ఒకే పేరుతో కనబడదు. రాష్ట్రకూట చక్రవర్తి మూడవ కృష్ణుడు 949లో తక్కోలం యుద్ధంలో చోళులను ఓడించి, 959లో ఈ ఊళ్లో దండు విడిసి ఉన్నప్పుడు, గగనశివుడనే శైవాచార్యుడికి ఒక గ్రామాన్ని దానం చేశాడు. ఆ దానశాసనపు రాగి రేకులు మహారాష్ట్రలోని కర్హాడ్‌లో దొరకడం వల్ల అవి ఆ ఊరి పేరుతోనే ప్రసిద్ధికెక్కాయి. వాటిలో కృష్ణుడి విడిది పేరు మేల్పాటి. అదే సంవత్సరం సోమదేవసూరి ముగించిన యశస్తిలకం అనే సంస్కృత కావ్యం చివర కూడా ఆ విడిది ప్రస్తావన ఉంది. చోళులు ఈ ప్రాంతాన్ని తిరిగి గెలుచుకున్నాక, రాజరాజు తన తాత అరింజయుడి జ్ఞాపకార్థం ఇక్కడ శివాలయం కట్టించాడు. మరణించిన రాజు స్మృతికై కట్టే ఇటువంటి గుడిని తమిళంలో పళ్ళిప్పడై అంటారు. ఆ ఆలయ శాసనాలలో ఊరికి రాజాశ్రయపురమన్న రెండో పేరు ఉంది, అది రాజరాజు బిరుదును బట్టి వచ్చినది.

కర్హాడ్ శాసనాన్ని మాత్రమే చదివినవారికి రాజాశ్రయపురం తెలియదు, చోళ శాసనాలను మాత్రమే చదివినవారు మేల్పాటి అని వెతకరు. ఒక ఊరికి సంబంధించిన ఆధారాలు సంస్కృతంలో, తమిళంలో, ఇంగ్లీషులో చెదిరి ఉన్నప్పుడు వాటిని ఒక్కచోటికి చేర్చే పని పేర్ల పట్టిక చేయాలి, అంటే సూచిక చేయాలి. మేల్పాడి విషయంలో ఆ పనికి తొలి పునాది వేసినవారు శాసన పరిశోధకులే. హుల్ట్‌జ్ సంపాదకత్వంలో 1899లో వెలువడిన ‘దక్షిణ భారత శాసనాలు’ మూడవ సంపుటం మొదటి భాగం, ఉక్కల్, కరువూరు, మణిమంగలం, తిరువల్లంలతో పాటు మేల్పాడిని శీర్షికలోనే పేర్కొంది. 1919లో వి. రంగాచార్య మద్రాసు రాజధానిలోని శాసనాలన్నిటికీ మూడు సంపుటాల జాబితా తయారుచేసి, వాటిని జిల్లాలవారీగా, తాలూకాలవారీగా అమర్చారు. ఒక్క మనిషి ఇంతటి పనికి పూనుకోవడం అసాధారణం. తరువాతి చరిత్రకారులు ఎందరో ఆ జాబితా దారినే నడిచారు.

అయితే అచ్చు జాబితాలో ఒక శాసనానికి ఒక్కటే చోటు ఉంటుంది, ఆ చోటును నిర్ణయించేది పాలనా విభాగం. పాలనా విభాగాలు నిలకడగా ఉండవు. 1911లో ఉత్తర ఆర్కాడు జిల్లా నుంచి కొన్ని తాలూకాలను తీసి చిత్తూరు జిల్లాను ఏర్పరిచారు. 1989లో మిగిలిన ఉత్తర ఆర్కాడు రెండుగా చీలి, ఒక భాగం అంబేద్కర్ పేరుతో కొంతకాలం నడిచి చివరికి వేలూరు జిల్లాగా స్థిరపడింది. 2019లో దాని నుంచి రాణిపేట, తిరుపత్తూరు జిల్లాలు విడిపోయాయి. పాత గ్రంథం చదివి ఉత్తర ఆర్కాడు అని వెతికేవారు, కొత్త పటం చూసి వేలూరు అని వెతికేవారు, తరతరాల తెలుగు వాడుక ప్రకారం రాయవేలూరు అని వెతికేవారు, అందరూ వెతుకుతున్నది ఒక్క ప్రాంతాన్నే. ఒక విషయాన్ని అనేక కోణాల కలయికగా చూడాలని మద్రాసు విశ్వవిద్యాలయ గ్రంథపాలకుడు ఎస్. ఆర్. రంగనాథన్ 1933లో ప్రచురించిన కోలన్ వర్గీకరణలో బలంగా చెప్పినా, కార్డుల మీద ఆ పని చేయడానికి శిక్షణ పొందిన ఉద్యోగులు కావలసి వచ్చింది.

ఆ పనిలో పాఠకులకు కూడా పాలు దక్కింది వికీతోనే. వార్డ్ కన్నింగ్‌హామ్ 1995 మార్చి 25న ప్రారంభించిన తొలి వికీలో వర్గీకరణకు ప్రత్యేక యంత్రాంగమేదీ లేదు. పేజీ చివర ఒక వర్గం పేరు రాయాలని రాసేవారే ఒక ఒప్పందానికి వచ్చారు, ఆ పేరున్న పేజీలన్నీ వెతుకులాటలో ఒక్కచోట బయటపడేవి. వికీపీడియాను నడిపే మీడియావికీ సాఫ్ట్‌వేర్‌లోకి 2004లో వర్గాలు అధికారికంగా వచ్చాయి. అప్పటికి తెలుగు వికీపీడియా మొదలై కొద్ది నెలలే అయింది. అందులో వ్యాసం అడుగున రెండేసి చదరపు బ్రాకెట్ల నడుమ ‘వర్గం’ అన్న మాట, కోలన్, ఆ తరువాత ‘చోళ శాసనాలు’ వంటి పేరు రాస్తే చాలు, అదే పేరు పెట్టిన వ్యాసాలన్నిటి పట్టికలో ఆ వ్యాసం తనంతట తానే చేరిపోతుంది. రంగాచార్య జాబితాలో ఒక్క చోటికే కట్టుబడిన ఊరు ఇక్కడ ఎన్ని వర్గాలలోనైనా ఉండవచ్చు.

వర్గాలు ఒక్కటే చాలవు. వర్గం ఒకే జాతి విషయాలను కలుపుతుంది గాని, మేల్పాటి అని రాసి వెతికినవారిని మేల్పాడికి చేర్చదు. ఆ పని దారిమార్పు చేస్తుంది, అంటే ఒక పేరును మరో పేజీకి మళ్ళించే చిన్న పేజీ. 2012లో మొదలైన వికీడేటా ఇంకో అడుగు ముందుకు వేసి, ఒక్కొక్క అంశానికి ఒక సంఖ్య ఇచ్చి, దాని కింద ప్రతి భాషలోనూ అసలు పేరుతో పాటు ఎన్ని మారుపేర్లనైనా చేర్చే వీలు కల్పించింది. తమిళ లిపిలో ట, డ శబ్దాలకు ఒకే అక్షరం వాడతారు గనుక మేల్పాటి, మేల్పాడి రెండూ సహజమైన చదువులే. వాటిలో ఒకదాన్ని తప్పని కొట్టివేయడం కంటే రెండిటినీ మారుపేర్లుగా చేర్చడమే సరైన పద్ధతి.

ఇదంతా చేయవలసింది వికీలో స్వచ్ఛందంగా రాసేవారే. తెలుగులో ఈ ఊరి వ్యాసానికి ‘వేలూరు జిల్లా గ్రామాలు’ అన్న ఒక్క వర్గమే తగిలిస్తే ఊరి చిరునామా తెలుస్తుంది గాని చరిత్ర మరుగున పడుతుంది. రాష్ట్రకూటులు, చోళ ఆలయాలు, నీవా నది, పూర్వపు ఉత్తర ఆర్కాడు జిల్లా అనే పేర్లు కూడా చేర్చినప్పుడే యశస్తిలకం గురించి చదివే విద్యార్థి, నది వెంట నడిచే యాత్రికుడు, పాత జిల్లా గెజిటీర్ పట్టుకున్న పరిశోధకుడు అదే పేజీకి చేరగలుగుతారు. జిల్లా పేరు మారిన రోజున పాత వర్గాన్ని చెరిపి కొత్తది రాయడం సులువు. అయితే పాత వర్గాన్ని ‘పూర్వపు’ అన్న మాటతో ఉంచి, పక్కనే కొత్త జిల్లా వర్గాన్ని చేర్చడానికి ఇంకొక్క వరుస ఎక్కువ రాస్తే సరిపోతుంది.