సరిహద్దు దాటిన శాస్త్రం: జగదీశ్ చంద్ర బోసు

పాఠశాలలో కాంతి పరావర్తనం భౌతిక శాస్త్ర గ్రంథంలో ఉంటుంది. తాకగానే అత్తిపత్తి ఆకు ముడుచుకోవడం జీవశాస్త్ర గ్రంథంలో ఉంటుంది. బోధనా సౌలభ్యం కోసం ఏర్పడిన ఈ విభజనను ప్రకృతిలోనే ఉన్న విభజనగా భావించడం విద్యార్థికి చిన్ననాటనే అలవడుతుంది. ఆ సరిహద్దును ప్రయోగశాలలో దాటి, అందుకు తగిన మూల్యం చెల్లించిన భారతీయుడు ఆచార్య జగదీశ్ చంద్ర బోసు.

బోసు 1858 నవంబరు 30న, నేడు బంగ్లాదేశ్‌లో ఉన్న మైమన్‌సింగ్‌లో జన్మించారు. తండ్రి భగవాన్ చంద్ర బోసు ప్రభుత్వోద్యోగి అయినప్పటికీ కుమారుణ్ణి మొదట బెంగాలీ బడికే పంపారు. ఒక జాలరి కుమారుడు, తండ్రి వద్ద పనిచేసే ముస్లిం బంట్రోతు కుమారుడు అక్కడ ఆయన సహాధ్యాయులు. పక్షులను, జలచరాలను గురించి వారు చెప్పిన ముచ్చట్లే ఆయనలో ప్రకృతి పట్ల జిజ్ఞాసకు బీజం వేశాయి. ఇంగ్లండులో చదువు ముగించుకుని 1885లో కలకత్తా ప్రెసిడెన్సీ కళాశాలలో భౌతిక శాస్త్రాచార్యులుగా చేరినప్పుడు, ఐరోపా అధ్యాపకుల కన్న తక్కువ వేతనం ఇవ్వజూపారు. ఆయన మూడేళ్లపాటు వేతనం ముట్టకుండానే పాఠం చెప్పారు. చివరకు ప్రభుత్వం బకాయిలతో సహా పూర్తి వేతనం చెల్లించవలసి వచ్చింది.

విద్యుదయస్కాంత తరంగాల ఉనికిని 1887-88లో జర్మన్ శాస్త్రవేత్త హెర్ట్జ్ నిరూపించారు. ఆ తరంగాలు పొడవైనవి కావడంతో వాటి వక్రీభవనం చూపడానికి ఒకటిన్నర మీటర్ల ఎత్తున్న పట్టకం అవసరమైంది. తరంగదైర్ఘ్యం తగ్గితే పరికరం పరిమాణమూ తగ్గుతుంది. ఈ సూత్రాన్ని ఆధారం చేసుకుని బోసు కొన్ని మిల్లీమీటర్ల పొడవు గల తరంగాలను సృష్టించి, ప్రయోగమంతటినీ బల్ల మీదికి తెచ్చారు. ధ్రువణాన్ని చూపడానికి రైల్వే టైంటేబుల్ పుస్తకం పుటల మధ్య తగరపు రేకులు పేర్చారు. పురివేసిన జనపనారను కూడా వాడారు. 1895లో కలకత్తాలో జరిపిన ప్రదర్శనలో, గోడల గుండా సాగిన తరంగాలు దూరాన గంటను మోగించి, తుపాకిమందును పేల్చాయి.

ఆ తరంగాలను గ్రహించే లోహ పరికరమే ఆయనను జీవశాస్త్రం వైపు మళ్లించింది. ఎడతెగకుండా వాడితే దాని స్పందన మందగించేది. కొంత విరామం ఇస్తే మళ్లీ చురుకయ్యేది. అలసిన కండరమూ ఇలాగే ప్రవర్తిస్తుంది. అయితే లోహానికి, కండరానికి మధ్య నిలిచే మొక్క మాటేమిటి? ఈ ప్రశ్నతో ఆయన మొక్కలలోని విద్యుత్ ప్రతిస్పందనలను నమోదు చేశారు. 1901లో లండన్ రాయల్ సొసైటీలో ఆ ఫలితాలను వివరించినప్పుడు, ప్రముఖ శరీరధర్మ శాస్త్రవేత్త బర్డన్ శాండర్సన్ తీవ్రంగా ఆక్షేపించారు. కీటకాహారి మొక్కలో విద్యుత్ సంకేతాన్ని 1873లోనే నమోదు చేసిన ఆయన సైతం, సాధారణ మొక్కలన్నింటికీ ఆ గుణం ఉందంటే అంగీకరించలేకపోయారు. బోసు పత్రం ప్రచురణ నిలిచిపోయింది. తన శాస్త్ర పరిధిలోనే ఉండమన్న హితవు ఆ ఆక్షేపణలో అంతర్లీనంగా ఉంది.

బోసు వెనుదిరగలేదు. మొక్క పెరుగుదలను దాదాపు పదివేల రెట్లు పెద్దదిగా చూపే క్రెస్కోగ్రాఫ్‌ను నిర్మించారు. 1917 నవంబరు 30న, తన పుట్టినరోజున, భౌతిక, జీవశాస్త్రాలకు ఒకే నీడ కల్పిస్తూ కలకత్తాలో బసు విజ్ఞాన మందిరాన్ని స్థాపించారు. 1920లో అదే రాయల్ సొసైటీ ఆయనను సభ్యునిగా ఎన్నుకుంది.

ఆయన చెప్పినదంతా నిలవలేదు. లోహపు అలసటకు జీవలక్షణంతో సంబంధం లేదు. మొక్కలో నీరు పైకి ఎక్కడానికి కణాల స్పందనమే కారణమన్న ఆయన వాదాన్ని శాస్త్రలోకం అంగీకరించలేదు. ఆకుల నుంచి జరిగే బాష్పోత్సేకమే ఆ నీటిని పైకి లాగుతుందని నేటి పాఠ్యగ్రంథాలు చెబుతాయి. కాని మొక్కలలో విద్యుత్ సంకేతాలు ప్రసరిస్తాయన్నది నేడు స్థిరపడిన సత్యం. అత్తిపత్తిని తాకినప్పుడు అటువంటి సంకేతమే ఆకు మొదలుకు చేరుతుంది. అక్కడి ఉబ్బు భాగంలోని కణాలు నీటిని కోల్పోవడంతో ఆకు వాలిపోతుంది. ఆ చిన్న కదలికను వివరించాలంటే విద్యుత్తూ కావాలి, పీడనమూ కావాలి, కణమూ కావాలి. ఒక్క శాస్త్రం చాలదు. బోసు జీవితకాలపు కృషి నేటి తరగతి గదికి అందించే పాఠం ఇదే.