ఆడవాళ్ల రేవు

పాత మఠాల్ని హోటళ్లుగా మార్చడం యూరప్‌లో చాలాకాలంగా సాగుతున్న వ్యాపారం. సన్యాసి జపం చేసుకున్న గదిలో మెత్తటి మంచం, నేలమాళిగలో ఆవిరి గది, వేడినీళ్ల తొట్టి, మర్దన బల్ల. గదితోపాటు అక్కడి నిశ్శబ్దానికీ వెల కడతారు. వెనీస్ దగ్గరి శాన్ క్లెమెంటె దీవి కథ ఈ కోవలోదే. అక్కడ కమాల్డొలీస్ సన్యాసుల మఠం ఉండేది. 1873లో దాన్ని ఆడవాళ్ల పిచ్చాసుపత్రి చేశారు. ముస్సోలినీ తనను పెళ్లాడాడని, తన కొడుక్కి తండ్రి అతనేనని పట్టుబట్టిన ఇడా డాల్సెర్ 1937లో చనిపోయింది అక్కడే. 1992లో ఆసుపత్రి మూతబడింది. ఆ తర్వాత అదే కట్టడం స్పాతో సహా ఖరీదైన హోటల్ అయింది.

పంతొమ్మిదో శతాబ్దపు యూరప్ పిచ్చాసుపత్రుల్లో నీళ్లు కూడా ఒక చికిత్స. రోగిని గంటల తరబడి తొట్టిలో కూర్చోబెట్టేవాళ్లు, తడి దుప్పట్లలో బిగించి చుట్టేవాళ్లు. నీళ్లు ఎవరికి హాయి, ఎవరికి శిక్ష అన్నది నీళ్లలో లేదు. తలుపు గడియ ఎవరి చేతిలో ఉందన్న దాంట్లో ఉంది. ఈ కథ తెలిసినప్పటి నుంచి మన విహారాల గురించి నాకో ప్రశ్న మొదలైంది. మఠాల ప్రశాంతతలో ఆడవాళ్ల శరీరానికి ఇచ్చిన చోటెంత?

నేనుండే ఆసిఫాబాద్ చుట్టుపక్కల మఠం హోటళ్లేమీ లేవు. తెలంగాణలో పాత కట్టడం, స్పా అనగానే 2010లో హోటల్‌గా తెరిచిన ఫలక్‌నుమా గుర్తొస్తుంది. కానీ అది రాజభవనం. బౌద్ధ కట్టడం చూడాలంటే ఆసిఫాబాద్ రోడ్ స్టేషన్‌లో రైలెక్కి, పెద్దపల్లిలో దిగి ధూళికట్టకు వెళ్లాలి. హుస్సేనిమియా వాగు దగ్గర శాతవాహనుల కాలపు స్తూపం ఉంది. 1970లలో జరిగిన తవ్వకాల్లో పడగ విప్పిన ముచలింద నాగుణ్ణి చెక్కిన రాతి పలకలు బయటపడ్డాయి. వాన నుంచి బుద్ధుడి శరీరాన్ని కాపాడిన పాము అది. ఆ పలకల ముందు నిలబడితే, శరీరాన్ని తృణీకరించిన మతంగా బౌద్ధాన్ని చూడటం ఎంత పొరపాటో అర్థమవుతుంది.

సంఘ నియమాల గ్రంథం వినయపిటకం. అందులోని చుల్లవగ్గ ఐదో భాగంలో ఒక స్నానశాలను ఎలా కట్టాలో వివరంగా ఉంది. వైశాలిలో భిక్షువులు రుచికరమైన భోజనాలు తిని ఒళ్లు బరువెక్కి జబ్బు పడుతుంటే, వైద్యుడు జీవకుడు వాళ్లకు రెండు సూచించాడు: నడవడానికి చంక్రమం, చెమట పట్టడానికి జంతాఘరం. జంతాఘరం అంటే ఆవిరి స్నానాల గది. అది ఎత్తయిన అరుగు మీద ఉండాలి. మెట్లు, తలుపు, పొగ గొట్టం, నీళ్లు పోయే తూము కావాలి. నిప్పు సెగకు మొహం కాలకుండా పూసుకోవడానికి మట్టి ఉండాలి. మట్టి కంపు కొడుతోందంటే దానికి సువాసన పట్టించుకోవడానికీ అనుమతి దొరికింది. ఇవాళ్టి స్పా పటంలో ఉండేవి చాలావరకు ఇందులోనే ఉన్నాయి.

అదే గ్రంథం పదో భాగం భిక్షుణుల గురించి. భిక్షుణులు జంతాఘరంలో స్నానం చేయకూడదు. చేసినప్పుడు గోల చేశారన్నది కారణం. సువాసన మట్టి వాడకూడదు, మామూలు మట్టే వాడాలి. సున్నిపిండి కూడదు, తవుడు చాలు. ఏటి వాలుకు ఎదురుగా కూర్చుని స్నానం చేయకూడదు, ఎందుకంటే వాళ్లు నీటి ధార స్పర్శను ఆనందిస్తున్నారట! రేవు కాని చోట చేయకూడదు, అక్కడ దుర్మార్గులు చెరుస్తున్నారు. మగవాళ్ల రేవులోనూ చేయకూడదు. ఆడవాళ్ల రేవులో మాత్రమే చేయాలి.

ఈ నియమాలను వరసగా చదవండి. అత్యాచారం చేసినవాడు సంఘం అధికారానికి బయటివాడు, కాబట్టి నియమం బాధితురాలికి పెట్టారు. అది రక్షణే అని వాదించవచ్చు, కొంతవరకు నిజం కూడా. కానీ ధార స్పర్శను ఆస్వాదించడాన్ని నిషేధించడం ఏ రక్షణ? భిక్షువు శరీరానికి ఆరోగ్యం కావాలి గనుక గది కట్టారు. భిక్షుణి శరీరానికి సుఖం తెలుస్తోంది గనుక తలుపు వేశారు.

ఈ తర్కం నాకు కొత్తది కాదు. నేను చదువుకున్న ఒక హాస్టల్లో మగపిల్లలు గోడెక్కి చూస్తున్నారని తెలిసినప్పుడు గోడ ఎత్తు పెంచలేదు. మా స్నానాల వేళ మార్చారు. చలికాలం తెల్లవారకముందే, దీపం లేకుండా, చన్నీళ్లు గబగబా గుమ్మరించుకుని వచ్చేవాళ్లం. ఒళ్లు రుద్దుకునే తీరిక ఉండాలని అడగడం కూడా సిగ్గుచేటు అనుకునేవాళ్లం.

మరి ఈ విహారాలకు డబ్బెవరిచ్చారు? నాగార్జునకొండ శాసనాలు సూటిగా చెబుతాయి. మూడో శతాబ్దంలో ఇక్ష్వాకు రాజు శాంతమూలుడు అశ్వమేధం చేశాడు. బౌద్ధ కట్టడాలకు ధనమిచ్చిన వాళ్లలో ముందు వరసలో ఉన్నది అతని ఇంటి ఆడవాళ్లు. మహాచైత్యం కట్టించింది అతని సోదరి శాంతిశ్రీ. రాజకుటుంబానికి చెందని ఉపాసిక బోధిశ్రీ, వీరపురుషదత్తుడి 14వ పాలనా సంవత్సరంలో సింహళ ఆచార్యుల కోసం చైత్యగృహం కట్టించింది. ఆమె శాసనంలో దానాల జాబితా ఉంది: ఒకచోట ధ్యానశాల, ఒకచోట మూడు గదులు, మరోచోట ఏడు, పుష్పగిరిలో రాతి మండపం, పూర్వశైలంలో ఒక చెరువు. నా దృష్టి ఆ చెరువు దగ్గరే ఆగుతుంది. నీళ్ల అవసరం ఎలాంటిదో తెలిసిన మనిషి రాయించిన జాబితా అది. అయినా మన పాఠ్యపుస్తకాల్లో ఆ లోయకు గుర్తింపు ఇక్ష్వాకు రాజుల పేరుతోనూ, ఆచార్య నాగార్జునుడి పేరుతోనూ వచ్చింది.

1955లో నాగార్జునసాగర్‌కు శంకుస్థాపన జరిగింది, ఆ లోయ మునిగిపోయింది. మునగక ముందు కొన్ని కట్టడాలను తరలించి కొండ మీద మళ్లీ కట్టారు. వాటిలో రాతి మెట్ల స్నానఘట్టం ఒకటి. 2022లో ఆ ప్రాంతంలోనే బుద్ధవనం తెరిచారు. వారసత్వం, ఆరోగ్యం, పర్యాటకం ఒకే మూటగా అమ్ముడయ్యే కాలమిది. అమ్మవద్దనడం లేదు నేను. ఆ స్నానఘట్టం దగ్గర బోధిశ్రీ చెరువు గురించి, ఆడవాళ్ల రేవు నియమం గురించి కూడా ఒక పలక పెట్టమంటున్నాను.

నీళ్ల గురించి ఆ కాలంలోనే ఒక ఆడమనిషి గట్టిగా మాట్లాడింది. థేరీగాథలోని పుణ్ణిక అనాథపిండికుడి ఇంటి దాసి. యజమానుల భయానికి చలిలో ఏట్లో దిగి నీళ్లు మోసేది. పాపం కడుక్కోవడానికి వణుకుతూ మునిగే బ్రాహ్మణుణ్ణి ఆమె నిలదీస్తుంది: స్నానంతోనే ముక్తి వస్తే నీళ్లలో పుట్టి పెరిగే జీవాలన్నిటికీ ఎప్పుడో వచ్చి ఉండాలి కదా అని. ఇద్దరూ దిగింది ఒకే చన్నీళ్లలోకి. అతను పుణ్యం కోసం దిగాడు, ఆమె దెబ్బలు తప్పించుకోవడానికి దిగింది. ఇవాళ స్పా గదిలో ఒకామె బల్ల మీద పడుకుంటుంది, ఇంకొకామె పొద్దుటి నుంచి నిలబడి మర్దన చేస్తుంది. ఆ రెండో ఆమెకు కాళ్లు చాపుకునే గది ఆ భవనంలో ఎక్కడుందో, విశ్రాంతి చరిత్ర రాసేవాళ్లం అదీ అడగాలి.