జీతం నేరమైన రోజులు

1987 ఫిబ్రవరి 25. అమెరికాలో కాలేజీ క్రీడలపై పెత్తనం చేసే ఎన్‌సీఏఏ, టెక్సస్‌లోని డాలస్ నగరానికి చెందిన సదరన్ మెథడిస్ట్ యూనివర్సిటీ (ఎస్‌ఎంయూ) ఫుట్‌బాల్ జట్టుపై వేటు వేసింది. ఆ ఏడాది ఒక్క మ్యాచ్ కూడా ఆడకూడదంది. క్రీడాలోకం దీనికి ‘మరణశిక్ష’ అని పేరు పెట్టింది. ఇంతకీ చేసిన నేరం: ఆటగాళ్లకు డబ్బులివ్వడం.

ఇది మనకు తెలిసిన ఫుట్‌బాల్ కాదు. కోలగా ఉండే బంతిని చేతపట్టుకుని దూసుకెళ్లే ఆట, ఎముకలు విరిగే ఆట. టిక్కెట్ల సొమ్ము, టీవీ సొమ్ము యూనివర్సిటీలకు చేరేవి. కోచ్‌లకు భారీ జీతాలుండేవి. మైదానంలో దెబ్బలు తినే కుర్రాళ్లకు మాత్రం ఫీజులు, పుస్తకాలు, తిండి, బస. అంతకుమించి తీసుకుంటే నిబంధనల ఉల్లంఘనే.

గెలుపు వెనక

టెక్సస్‌లోని పెద్ద ప్రభుత్వ యూనివర్సిటీల ముందు ఎస్‌ఎంయూ చిన్నది. అయినా 1982లో 11 విజయాలు, ఒక డ్రాతో ఓటమి లేకుండా సీజన్ ముగించి, దేశంలో రెండో స్థానంలో నిలిచింది. ఆ జట్టు ఆటగాళ్లు ఎరిక్ డికర్సన్, క్రెయిగ్ జేమ్స్ జోడీని అభిమానులు ‘పోనీ ఎక్స్‌ప్రెస్’ అని పిలుచుకున్నారు.

జట్టు వెనక సంపన్న అభిమానుల డబ్బు ఉందని తేలి, 1985లో ఎన్‌సీఏఏ ఆంక్షలు పెట్టింది. అప్పటికే మాటిచ్చిన ఆటగాళ్లకు చెల్లింపులు ఆగలేదు. 13 మందికి దాదాపు 61,000 డాలర్లు ముట్టాయి. యూనివర్సిటీ పాలకమండలికి నేతృత్వం వహించిన బిల్ క్లెమెంట్స్, టెక్సస్ గవర్నర్ హోదాలో ఉండగానే 1987 మార్చిలో ఒప్పుకున్నారు: చెల్లింపులు కొనసాగించాలన్న నిర్ణయంలో తనకూ భాగముందని.

మోసినవాళ్లు వేరు

1988లో బయటి ఊళ్లలో ఆడే అవకాశం మిగిలినా, యూనివర్సిటీయే ఆ సీజన్‌ను వదులుకుంది. ఆటగాళ్లు చెల్లాచెదురై వేరే కాలేజీలకు వెళ్లిపోయారు. స్కాలర్‌షిప్‌లకు కోత పడింది. 1989లో పూర్వ విద్యార్థి, ప్రఖ్యాత ఆటగాడు ఫారెస్ట్ గ్రెగ్ కోచ్‌గా కొత్త జట్టు దిగింది. అందులో ఎక్కువమంది అప్పుడే కాలేజీలో చేరిన కుర్రాళ్లు. ఆ అక్టోబరులో హ్యూస్టన్ యూనివర్సిటీ జట్టు వాళ్లను 95-21తో చిత్తు చేసింది. ఆ ఏడాది ఎస్‌ఎంయూకు రెండే విజయాలు. మరుసటి ఏడాది ఒక్కటే. 1989 నుంచి 2008 వరకు ఓటముల కంటే గెలుపులు ఎక్కువున్న సీజన్ 1997 ఒక్కటే. 1984 తర్వాత మళ్లీ ఒక బౌల్ మ్యాచ్ (సీజన్ చివర్లో ఎంపికైన జట్లు ఆడే పోటీ) ఆడింది 2009లో, హవాయిలో.

చాటున డబ్బు పంచిన పెద్దలెవరూ ఆ 95 పాయింట్లను మైదానంలో నిలబడి భరించలేదు. ఏ తప్పూ చేయని పద్దెనిమిది, పంతొమ్మిదేళ్ల పిల్లలు భరించారు.

కాలం తిరగబడింది

2021 జూన్‌లో, ఆటగాళ్లకిచ్చే ప్రయోజనాలపై పరిమితులను సవాలు చేసిన ఆల్‌స్టన్ కేసులో అమెరికా సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తులూ ఏకగ్రీవంగా ఎన్‌సీఏఏకు వ్యతిరేకంగా తీర్పిచ్చారు. పక్షం రోజులు తిరగకముందే తమ పేరు, బొమ్మతో వాణిజ్య ప్రకటనల ద్వారా సంపాదించుకునే వీలు ఆటగాళ్లకు వచ్చింది. 2025 జూన్‌లో మరో కేసులో కోర్టు ఆమోదించిన ఒప్పందంతో, మొదటి ఏడాది ఒక్కో యూనివర్సిటీ సుమారు 2.05 కోట్ల డాలర్ల వరకు ఆటగాళ్లకు నేరుగా పంచే వీలు కలిగింది. ఎస్‌ఎంయూ కూడా కోలుకుంది. 2024లో జాతీయ ప్లేఆఫ్స్‌కు చేరింది.

ఎస్‌ఎంయూ పెద్దలు నిబంధనలు ఉల్లంఘించారు, దాచారు, అబద్ధమాడారు. అందుకు వాళ్లు శిక్షార్హులే. కానీ ఆటగాడి కష్టంతో అందరూ సంపాదించుకుని, అతడికి మాత్రం కూలి ఇవ్వకూడదన్న నిబంధన అంతకంటే పెద్ద అన్యాయం. ఆ అన్యాయాన్ని సరిదిద్దడం మొదలు కావడానికి 34 ఏళ్లు, ఒక సుప్రీంకోర్టు తీర్పు కావాల్సి వచ్చాయి. ఆట ఎవరిదైతే, అది తెచ్చే సొమ్ములో మొదటి వాటా కూడా వాళ్లదే కావాలి.